ఓరుగల్లు చెరువులలో గాలపు వేట

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు తెలంగాణలో చేప వండని ఇల్లు అరుదు. రోహిణి ఎండల నుండి ఒక్కసారిగా తొలకరి చలువలోకి వచ్చిన దేహానికి చేప మేలు చేస్తుందని పెద్దల నమ్మకం. మన ఇళ్లలోనూ ఆ రోజు చింతపండు పులుసు కాగుతుంది. వరంగల్ చేపల బజారులో ఆ ఉదయం నిలబడడానికి చోటుండదు. అయితే ఈ వ్యాసంలో మేము ముచ్చటించదలచినది చేపను కొనేవారిని గురించి కాదు, పట్టేవారిని గురించి. జుమా నమాజు ముగిసిన పిదప గాలపు కర్ర భుజాన వేసుకొని చెరువు గట్టుకు బయలుదేరే యువకులు మా వద్దకు తరచుగా ప్రశ్నలతో వస్తుంటారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ముందు చేపను తెలుసుకోవాలి, చెరువునూ తెలుసుకోవాలి.

ఓరుగల్లు సీమకు చెరువులే సిరి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి. రామప్ప గుడి శాసనం 1213వ సంవత్సరానికి చెందినది. దాని పక్కనున్న చెరువు నేటికీ పొలాలకు నీరిస్తున్నది. పాకాల చెరువు అభయారణ్యం నడుమ ఉన్నందున అక్కడ అటవీ శాఖ నిబంధనలు వర్తిస్తాయి. ఇష్టం వచ్చినట్లు గాలం వేయరాదు. మిగిలినవి ఊరూరా ఉన్న చిన్న చెరువులు, కుంటలు. గాలపు వేటగానికి నిజమైన బడి ఇవే.

కశ్మీరు వాగులలో ట్రౌట్ అనే చేపను పట్టడం గురించి కొందరు వినే ఉంటారు. బ్రిటిషు పాలనా కాలంలో సముద్రాలు దాటించి దాని గుడ్లను తెచ్చి ఆ చల్లని నీళ్లలో పొదిగించారు. దానిని పట్టేవారు ముల్లుకు వానపామును గుచ్చరు. ఈకలు, దారాలు చుట్టి పురుగు ఆకారం కల్పించి, ఆ బొమ్మ ఈగను నీటి మీద వాలేటట్లు విసురుతారు. ఈ విద్య కొత్తదేమీ కాదు. మాసిడోనియా దేశపు నదిలో ఎర్రని ఉన్ని, ఈకలు కట్టిన ముల్లుతో చేపలు పట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల క్రితమే వ్రాశాడు. ట్రౌట్ మన వేడి నీళ్లలో బ్రతకదు. కానీ ఆ బొమ్మ ఎర సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

మన చెరువుల రాజు కొర్రమీను. మన ఇళ్లలో మరల్ అని పిలిచే ఈ చేపను 2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించింది. సృష్టికర్త దీనికి ఒక ప్రత్యేకతను ప్రసాదించాడు. మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే అర ఒకటి ఉంటుంది. అందుకే అది కొంతసేపటికొకసారి నీటి పైకి వచ్చి గుక్కెడు గాలి తీసుకొని మళ్లీ దిగుతుంది. అనుభవజ్ఞుడైన వేటగాడు బెండు వైపు కాక ఆ బుడగల వైపు చూస్తాడు. తామరాకులు, తుంగ, నాచు ఉన్న ఒడ్డు దగ్గర అది మాటు వేసి కూర్చుంటుంది. ఎర కదిలితే గాని నోరు తెరవదు.

తొలకరితో దాని సంతాన కాలం ఆరంభమవుతుంది. ఆడ, మగ చేపలు కలుపు మొక్కలను తొలగించి చిన్న గూడు వంటి చోటు చేసుకుంటాయి. గుడ్లు నీటి మీద తేలుతాయి. పొదిగిన పిల్లలు ఎర్రని నిప్పురవ్వల గుంపు వలె నీటి పై పొరలో కదులుతుంటే వాటి క్రిందనే తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. పిల్లలు కొంత ఎదిగేదాకా, వారాల తరబడి, ఈ కాపలా సాగుతుంది. కప్ప వచ్చినా పాము వచ్చినా మీదికి దూకుతాయి.

సరిగ్గా ఇక్కడే కొందరు తమ నేర్పు చూపుతారు. ఎర్రని పిల్లల గుంపు కనబడగానే దాని నడుమకు గాలం విసురుతారు. ఆకలి లేకున్నా తల్లి చేప పిల్లలను కాపాడుకొనుటకు ఆ ఎరను కరుస్తుంది, చిక్కుతుంది. ఒక్క చేప పోవడంతో ఆగదు; దిక్కు లేని ఆ పిల్లలను గంటల వ్యవధిలో ఇతర చేపలు, కొంగలు తినివేస్తాయి. ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను రెండింటిని పట్టుకొనగా తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ వారి పైన తిరుగాడిందని, దానిని చూసిన దైవప్రవక్త (స) పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారని అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. ఈ ఉల్లేఖనాన్ని మా విద్యార్థులకు ప్రతి ఏటా చదివి వినిపిస్తాము. పట్టిన చేప మాంసం ధర్మసమ్మతమే కావచ్చు. పట్టిన తీరు మాత్రం మాకు రుచించదు. శ్రావణం దాటేదాకా ఎర్రని గుంపు కనబడిన చోట గాలం వేయవద్దని మా సలహా.

ఇక కప్ప సంగతి. కొర్రమీనుకు బ్రతికి ఉన్న చిన్న కప్పను ముల్లుకు గుచ్చి విసరడం మన వైపు పాత అలవాటు. ఔషధంలో వాడుటకు కప్పను గురించి ఒక వైద్యుడు అడిగితే దానిని చంపవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు హదీసులో ఉన్నది. వానపామునైనా ప్రాణంతో ముల్లుకు గుచ్చడాన్ని మన ఫిఖహ్ పండితులు అయిష్టకరంగా భావించారు. ముందుగా చంపి గుచ్చమని చెప్పారు. కప్పకు ఆ సడలింపు కూడా లేదు. పొలంలో పురుగులను తిని రైతుకు సాయపడే ప్రాణి అది. కప్ప కాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. ఇక్కడే కశ్మీరు వారి బొమ్మ ఈగ గుర్తుకు రావాలి. నేడు రబ్బరు కప్పలు బజారులో దొరుకుతున్నాయి. తామరాకుల మీదుగా దానిని లాగుకుంటూ వస్తే కొర్రమీను అంతే ఆవేశంతో దూకుతుంది. ఖర్చు కొంత ఎక్కువే. కానీ ఒకటి కొంటే పదే పదే వాడవచ్చు. సరదా కొరకే పట్టి, ముల్లు గుచ్చిన నోటితోనే తిరిగి నీటిలో వదలేవారు కూడా ఈ మధ్య కనబడుతున్నారు. తినుటకు గాని అమ్ముటకు గాని కాని వేట మాకు అర్థం కాదు.

తరచుగా ఎదురయ్యే మరో ప్రశ్న: చెరువు అందరిది, చేప ఎవరిది? నదిలో తిరిగే చేప పట్టినవానిదే, సందేహం లేదు. చెరువు విషయం వేరు. బొచ్చె, రోహు, మ్రిగాల చేపలు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. పారే వరద నీరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి హార్మోను సూది ద్వారా వీటికి గుడ్లు పెట్టించారు. నేటి చేపపిల్లల కేంద్రాలకు ఆ రోజే పునాది పడినది. అంటే మన చెరువులోని బొచ్చె దానంతట అది వచ్చినది కాదు. ప్రభుత్వం ఇచ్చినదో, మత్స్య సహకార సంఘం కొని వదిలినదో అయి ఉంటుంది. ముదిరాజు, గంగపుత్ర కుటుంబాల ఏడాది కూడు ఆ నీటిలో పెరుగుతున్నది. సంఘాన్ని అడగకుండా వారి చెరువులో గాలం వేసి "అల్లాహ్ ఇచ్చిన ఉపాధి" అనడం సరి కాదు. అడిగితే కాదనే సంఘాలు తక్కువే. ఒక్క గాలానికి అనుమతించి "వల మాత్రం వద్దు భాయ్" అని నవ్వే సంఘ పెద్దలను మేము ఎరుగుదుము.

భాద్రపదంలో చెరువు నిండి మత్తడి దూకినప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. చూడ చక్కని దృశ్యం, కానీ మత్తడి రాళ్లు పాచి పట్టి ఉంటాయి. పిల్లలను అటు పంపవద్దు. చలికాలంలో కొర్రమీను మందగిస్తుంది. ఫజర్ వేళ వెళ్లి వణకడం వృథా, ఎండ ఎక్కిన తర్వాత ఒడ్డున లోతు తక్కువ చోట చూడాలి.

వేసవిలో నీరు తగ్గి వేడెక్కినప్పుడు చేపలు చచ్చి తేలుతుంటాయి. ఏ కారణమూ లేకుండా తనంతట చచ్చి వెల్లకిలా తేలిన చేపను హనఫీ పండితులు తినవద్దన్నారు. వేడి వంటి తెలిసిన కారణంతో చచ్చినదాని విషయం వేరు. అయినా ఎప్పుడు చచ్చిందో తెలియని చేపను వండుకొనడం ఆరోగ్యానికి మంచిది కాదు. కొర్రమీను మాత్రం అంత తేలికగా లొంగదు. కుంట ఎండిపోతే తడి బురదలోకి దూరి, గాలి పీల్చుకుంటూ, మళ్లీ మృగశిర చినుకు పడేదాకా అక్కడే పడి ఉంటుంది.