వెలుగుతీగ – గృహిణి కొలత

పాలవాడు పోసిన పాలను కొలిచి చూచుకొనని గృహిణి యుండదు. బియ్యము బస్తా దించిన నాడు తూనికను కన్నులార చూడక సొమ్ము చెల్లింపము. కాని నెలనెల వందలకొలది రూపాయలిచ్చి ఇంటికి రప్పించుకొను ఇంటర్నెట్టును కొలిచి పుచ్చుకొను సోదరీమణులు మనలో నెందరు గలరు? “అది మగవారి పని” యని యొకరును, “మీట నొక్కిన బొమ్మ వచ్చుచున్నది గదా, చాలును” అని వేరొకరును ఊరకుందురు. నిరుటి దసరా వరకు మేమును అట్లే యుంటిమి. పిమ్మట మాకు తెలిసివచ్చిన దానిని తోడివారితో పంచుకొన దలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చెల్లెలి కుమార్తె అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున పెరుగుచున్నది. తొమ్మిదేండ్ల పిల్ల. తెలుగు మాటలాడును గాని చదువనేరదు. ప్రతి ఆదివారము ఉదయము ఏడు గంటలకు, అనగా వారికి శనివారము రాత్రి, మేము దానికి వీడియోలో శతక పద్యములు చెప్పుచుందుము. కోనసీమలోని మా యింట సెల్‌ఫోను సిగ్నలు అంతంతమాత్రము. పద్యము రెండవ పాదము చేరునప్పటికి మా గొంతు తెగిపోవును. తెరమీది బొమ్మ తెరచిన నోటితో నిలిచిపోవును. ఒకనాడా పిల్ల, “పెద్దమ్మా, నువ్వు చెప్పేది సగమే వినిపిస్తోంది. ఇంక మానేద్దామా?” అని యడిగెను. ఆ ప్రశ్న మాకు ముల్లువలె నాటెను. ఆ పిల్లకును తెలుగు పద్యమునకును నడుమ మిగిలిన దారి ఆ యరగంటయే. ఆ వారమే 150 ఎంబీపీఎస్ ప్లానుపై ఫైబరు కనెక్షను కోరితిమి.

పనివాడు వచ్చిన దినమున మా యింటివారు పాఠశాలలో నుండిరి. ఆ కుఱ్ఱవాడు వీధి స్తంభము నుండి సన్నని నల్లతీగను తెచ్చి, కిటికీ ప్రక్క గోడకు బెజ్జము వేసి లోనికి దింపెను. ఆ నల్లని తొడుగులో నున్నది రాగి గాదు, గాజు. ఆ గాజుపోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. నడిమి గాజునకును చుట్టునున్న గాజునకును గుణభేద ముండుటచే, వెలుగు అంచును తాకి మరల లోనికే మరలుచు ముందునకు సాగును. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్సు అను ఆచార్యునితో గూడి, గాజుపోగుల కట్ట గుండ బొమ్మను పంపవచ్చునని 1954లో లోకమునకు చాటెను. గాజును మిక్కిలి శుద్ధి చేసినచో వార్తలను బహుదూరము పంపవచ్చునని 1966లో వాదించిన చార్లెస్ కావ్ పండితుడు ఆ కృషికే 2009లో నోబెలు బహుమానము నందెను.

ఇచ్చట తల్లులకు ఒక హెచ్చరిక. పోగును కోసి అతికించునప్పుడు రాలు గాజుముక్కలు కంటికి కనబడవు; పసిబిడ్డ పాదమున గ్రుచ్చుకొనిన తీయుట కష్టము. మేము వానిని జిగురు టేపుతో అద్దించి, ఆ చోటు తడిగుడ్డతో తుడిపించితిమి. తీగ కొన నుండి వెడలు వెలుగు కూడ కంటికి కానరానిది. పిల్లలను అందులోనికి తొంగి చూడనీయరాదు.

పని ముగించి ఆ కుఱ్ఱవాడు, “మాస్టారు గారు ఎప్పుడొస్తారండీ? ఆయనకు చూపించి వెళ్తాను” అనెను. “నాయనా, దీనిని వాడువారము మేము. మాకే చూపుము” అంటిమి. అతడు మొదట సంకోచించినను, మేము అడిగిన దానికెల్ల ఓపికగా బదులు చెప్పెను. చేతిలోని మీటరు పెట్టి మైనస్ 19 అను అంకె చూపి, అది తీగలో వచ్చు వెలుగు బలమనియు, అంకె సున్నకు దూరమైన కొలది వెలుగు మసకయనియు, మైనస్ 27 దాటిన నిలుకడ తప్పుననియు తెలిపెను. మేమా అంకెను తేదీతో సహా జమాఖర్చు పుస్తకము చివరి పుటలో వ్రాసికొంటిమి.

మరునాడు లాప్‌టాపునకు తీగ తగిలించి మేమే స్పీడ్ టెస్టు చేసితిమి. వచ్చినది 94. మూడుసార్లు చేసినను 94 దాటలేదు. 150కి సొమ్ము పుచ్చుకొని 94 ఇత్తురా యని కోపించి ఆఫీసునకు ఫోను చేసి గట్టిగానే పలికితిమి. ఆ కుఱ్ఱవాడే వచ్చి, మా తీగను చేతబట్టి నవ్వెను. అది మా యింటిలో ఏనాటిదో పాత తీగ. లోపల ఎనిమిది పోగులు ఉండవలసిన చోట నాలుగే యున్నవి. అట్టి తీగ నూటికి మించి మోయజాలదు. వేరొక తీగ తగిలింపగానే 147 కనబడెను. కుంచము మనదే చిన్నదైనప్పుడు వర్తకుని దూషించి ఫలమేమి? మేము సిగ్గుపడి, అతనికి మజ్జిగ యిచ్చి పంపితిమి.

అదే దినమున వంటయింటిలో ఫోనుతో చూడగా 22 మాత్రమే వచ్చెను. రౌటరు పెట్టె వీధిగదిలో నున్నది; నడుమ రెండు మందపు గోడలు. కావున కంపెనీ ఇచ్చినది తెలియవలెనన్న మంచి తీగతో పెట్టెకే తగిలించి కొలువవలెను. మనకు అందినది తెలియవలెనన్న మనము కూర్చుండు చోట కొలువవలెను. ఈ రెండును వేరు. మరియొక భ్రాంతియు కలదు. ఎనిమిది బిట్లు కూడిన ఒక బైటు. 150 మెగాబిట్లు వచ్చు నింట, ఫైలు దిగునప్పుడు తెరపై సెకనుకు 18 మెగాబైట్లు కనబడిన నష్టపోయితిమని యనుకొనరాదు. బ్రాడ్‌బ్యాండన్న పేరును జూచి మురియనక్కరయు లేదు. మన దేశమున 2023లో ఆ పేరునకు నిర్ణయించిన కనిష్ఠము 2 ఎంబీపీఎస్ మాత్రమే.

ఇంత చేసినను, తరువాతి ఆదివారము పాఠమున మా మాట ఆలస్యముగా పోవుచుండెను. పిల్లయు మేమును ఒక్కసారి పలుకుట, ఇద్దరము ఆగుట, మరల ఒక్కసారి పలుకుట! అప్పుడు గాని టెస్టులో రెండవ అంకెయైన పింగును మేము లెక్కచేయలేదు. దీనిని నూతితో పోల్చి చెప్పెదము. వేగమని మనము పిలుచునది బొక్కెన పరిమాణము. పింగు నూతి లోతు. బొక్కెన ఎంత పెద్దదైనను, లోతైన నూతి నుండి అది పైకి వచ్చుటకు కాలము పట్టును. మాట పోయి బదులు వచ్చుటకు పట్టు ఆ కాలమును సెకనులో వేయవ వంతులుగా, అనగా మిల్లీసెకండ్లుగా, లెక్కింతురు. మా యింటి నుండి దగ్గరి కేంద్రమునకు పింగు 8. అమెరికాలోని కేంద్రమును ఎంచి చూడగా 240.

ఈ 240లో కొంత ఎవరును తగ్గింపజాలనిది. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. మన తీరమునకును న్యూజెర్సీకిని తిన్నగా కొలిచినను దూరము సుమారు 13,000 కిలోమీటర్లు. పోయి వచ్చుటకే 130 మిల్లీసెకండ్లు కావలెను. తీగలు తిన్నగా పోవు. ముంబయి, చెన్నపట్టణము మొదలగు రేవులలో సముద్రమున దిగి, ఖండములు చుట్టి పోవును. దారిలోని యంత్రముల జాప్యము వేరు. సంభాషణ సుఖముగా సాగుటకు ఒకవైపు జాప్యము 150 లోపల నుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము సూచించినది. 240లో సగము 120. కావున దూరము వలన మా పాఠము చెడుట లేదని తేలినది.

మరి చెడినదెట్లు? ఆదివారము పాఠము నడుచుచుండగనే పింగు చూచితిమి. 8 ఉండవలసినది 500 దాటెను. వెదకగా, పెండ్లికి పోయి వచ్చిన మా కుమారుని ఫోను, వైఫై దొరికినదే తడవుగా వందలకొలది ఫొటోలను పైకి పంపుచుండెను. పైకి పోవు దారి నిండి, మా మాటలు ఆ ఫొటోల వెనుక వరుసలో నిలిచినవి. ఆ పనిని రాత్రివేళకు మార్పించితిమి. పింగు మరల 8కి దిగెను. అందుచే ఇల్లు నిద్రించు వేళ ఒకసారి, ఇంటిల్లిపాదియు వాడు వేళ ఒకసారి పరీక్షింపవలెను. డౌన్‌లోడుతో పాటు అప్‌లోడును చూడవలెను.

అది మొదలు ఉదయము, మధ్యాహ్నము, రాత్రి తొమ్మిదింటికి అంకెలు వ్రాయు నలవాటు చేసికొంటిమి. సంక్రాంతి ముందర ఒక గురువారము నుండి అంకెలు తలక్రిందులయ్యెను. పెట్టెపై ఎర్రదీపము మాటిమాటికి వెలిగెను. మరల కంపెనీని నిందింపబోయి, పుస్తకము తిరుగవేసితిమి. ఆ గురువారమే సున్నము వేయించుటకై బీరువా జరిపియుంటిమి. కుఱ్ఱవాడు వచ్చి మీటరు పెట్టగా మైనస్ 29. బీరువా వెనుక తీగ మడత పడియున్నది. మడత పడిన చోట వెలుగు బయటికి కారిపోవును. తీగను సడలించి చేటంత వలయముగా చుట్టగానే మరల మైనస్ 19. లోపము రెండు మారులును మా యింటిదే. లోపము వారిదైన నాడును ఈ పుస్తకమే మా పక్షమున మాటలాడును. “బాగా రావడం లేదు” అన్న మాటకు ఎవరును చలింపరు. తేదీయు వేళయు అంకెయు చూపినచో కాదనలేరు.

సోదరీమణులారా, కనెక్షను వచ్చిన నాడే వెలుగు బలమును వ్రాసికొనుడు. తీగను మడత పడనీయకుడు. కరెంటు పోయిన ఈ పెట్టె పనిచేయదు గావున ఇన్వర్టరునకు కలుపుడు. ఎవరేని “మాస్టారు గారికే చూపిస్తాను” అన్నచో, అంకెలు చదువ నేర్చిన వారము మేమును గలమని చెప్పుడు.

మా పాఠము ఇప్పుడు నిరాటంకముగా సాగుచున్నది. ఇద్దరము ఏకకంఠముగా చదువుట మాత్రము కుదరదు. పావు సెకను తేడా పద్యము నడకను చెరచును. అందుచే మేమొక పాదము చెప్పి ఆగుదుము, పిల్ల ఒక పాదము చెప్పును. మొన్నటి ఆదివారము మేము రెండవ పాదము చెప్పి ఆగితిమి. పిల్ల మూడవ పాదము అందుకొని, మా కొరకు చూడక, నాలుగవదియు తానే ముగించి, “పెద్దమ్మా, వినిపించిందా?” అని యడిగెను. అంతయు వినబడినది.