పడవ ఇంజిన్‌లో గాలి బిగువు చూడటం ఎందుకు? ఎలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వరసగా ఆగి ఉండే మరపడవలను నడిపేవి డీజిల్ ఇంజిన్లు. వాటికి స్పార్క్ ప్లగ్ ఉండదు. మరి మంట ఎలా పుడుతుంది? సైకిల్‌కు గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని సుమారు 16 నుంచి 20 రెట్లు ఇరుకైన చోట్లోకి నొక్కేస్తుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా అప్పుడు చిమ్మిన డీజిల్ భగ్గుమంటుంది.

గాలి ఎక్కడైనా జారిపోతే అంత వేడి రాదు. ఇంజిన్ మొరాయిస్తుంది, తెల్లపొగ కక్కుతుంది. నడిసంద్రంలో అలా ఆగిపోతే పడవలో ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. అందుకే ఈ గాలి బిగువును ఒడ్డునే చూసుకోవాలి.

మెకానిక్ ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కాక ఆపుతాడు. డీజిల్ రాకుండా కట్టేస్తాడు. ఇంజెక్టర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తాడు. స్టార్టర్ తిప్పగానే గేజ్ ముల్లు కుదుపు కుదుపుకూ పైకెక్కి ఒకచోట నిలుస్తుంది. ఎంత ఉండాలో ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. నా మటుకు, ఆ అంకెతో పాటు సిలిండర్ల మధ్య తేడాను తప్పక చూడాలంటాను. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే అనుమానం హెడ్ గాస్కెట్ మీదే.

ఒక్కటే తగ్గితే? పిస్టన్‌ను పైకొసన నిలిపి, కంప్రెసర్ గాలి పంపి, చెవి ఒగ్గి వింటారు. పొగ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగాయి.