కలవని కాలాల పోటీ

1970 జనవరి 20 రాత్రి అమెరికాలో వందలాది సినిమా హాళ్లలో ఒకే బాక్సింగ్ పోటీ చూపించారు. ఒక మూల రాకీ మార్సియానో, ఎదురు మూల ముహమ్మద్ అలీ. ఇద్దరూ హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్లే. అప్పటికి ఇద్దరికీ ఓటమి తెలియదు. అయితే మార్సియానో 1956లో ఆట మానేసేనాటికి అలీ పద్నాలుగేళ్ల కుర్రాడు. బరిలో వాళ్లు ఎన్నడూ నిజంగా తలపడలేదు. ఆ సినిమాను 1969లో మియామీలో తీశారు. నలభై అయిదేళ్ల మార్సియానో దాని కోసం కిలోలకు కిలోలు ఒళ్లు తగ్గించి, నెత్తికి విగ్గు పెట్టుకొచ్చాడు. గుద్దులు చాలావరకు ఉత్తుత్తివే. ముగింపులు మాత్రం రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. ఎవరు గెలవాలో ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్ తేల్చింది: పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేస్తాడు. యూరప్‌లో చూపించిన ప్రతిలో అలీ గెలిచాడు. తన గెలుపును చూసుకోవడానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టు 31న విమానం కూలి చనిపోయాడు.

ఆ కంప్యూటర్‌కు బాక్సింగ్ ఏం తెలుసు? ఏమీ తెలియదు. గుద్దు బలం ఎంత, కాళ్ల వేగం ఎంత, దెబ్బ ఓర్చుకునే శక్తి ఎంత అని నిపుణులనూ పాత్రికేయులనూ అడిగి, వాళ్లు వేసిన మార్కులను అందులో పోశారు. మనుషుల అభిప్రాయమే అంకెల వేషం కట్టుకుని వెనక్కి వచ్చింది. 1967లో ఇదే పద్ధతిలో రేడియోలో పదహారు మంది ఛాంపియన్ల టోర్నమెంటు నడిపితే, అందులో అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. అలీ కోపంతో కోర్టుకెక్కాడు. కోపం రావడంలో తప్పేముంది?

ఇలాంటి వాదం మనకూ కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీకి కట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచినవాడిగా, ఛాతీ మీదుగా ఏనుగును నడిపించుకున్నవాడిగా పేరు మోసిన కోడి రామ్మూర్తి నాయుడు 1942లో కన్నుమూశారు. ఉయ్యూరు పక్కన గండిగుంటలో 1916లో పుట్టిన దండమూడి రాజగోపాలరావు ఏళ్ల తరబడి వెయిట్‌లిఫ్టింగ్‌లో జాతీయ హెవీవెయిట్ ఛాంపియన్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో పతకం తెచ్చారు. 1963 నాటి ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బందరులోనో గుడివాడలోనో పాత వ్యాయామశాలల సంగతి ఎత్తితే చాలు, ఈ ఇద్దరిలో ఎవరు బలవంతుడన్న ప్రశ్న ఎక్కడో ఒకచోట తగులుతుంది. అది కాలక్షేపం ప్రశ్న కాదు. కొలతకు సంబంధించిన అసలు చిక్కంతా అందులోనే ఉంది.

కొలతకు ముందుగా కావలసింది రెండు కాలాల్లోనూ మారకుండా ఉన్న వస్తువు. సంక్రాంతికి గుడివాడలో జరిగే ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల్లో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ పళ్లు చూసి, అంటే వయసు చూసి, విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగానికి ఒక్కో బండ. విజిల్ వేసింది మొదలు నిర్ణీత సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క. ఒక జత ఇంకో జతతో కొమ్ములు కలపక్కర్లేదు. అదే బండ, అదే సమయమైతే నిరుటి జతను ఈ ఏటి జతతో పోల్చుకోవచ్చు. బరి మట్టి ఎంత తడిగా ఉందో మాత్రం చూసుకోవాలి.

బాక్సింగ్‌కు ఈ సౌలభ్యం లేదు. అక్కడ బండ స్థానంలో నిలబడేది ఇంకో మనిషి. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో చేత పరికరం అమర్చిన లక్ష్యాన్ని గుద్దించారు. పిడికిలి సెకనుకు 8.9 మీటర్ల వేగంతో వచ్చి తగిలింది. ఆ క్షణంలో పుట్టిన బలం 4,096 న్యూటన్లు, అంటే సుమారు 400 కిలోల బరువుకు సమానం. చప్పున చూస్తే ఇక మార్సియానో గుద్దునూ అలీ గుద్దునూ ఇలా కొలిచి ఉంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. సరిపోదు. లక్ష్యం పక్కకు తప్పుకోకుండా నిలబడింది కాబట్టే ఆ అంకె వచ్చింది. అలీ గొప్పతనమంతా అక్కడ నిలబడకపోవడంలో ఉంది. తల ఒక్క అంగుళం వెనక్కి లాగితే 4,096 న్యూటన్లూ గాలికి పోతాయి.

అయినా కొన్ని కొలతలు దాటవేయడానికి వీల్లేనివి. మార్సియానో ఛాంపియన్‌గా ఉన్ననాడు సుమారు 85 కిలోలు. 1966లో క్లీవ్‌ల్యాండ్ విలియమ్స్‌ను చిత్తు చేసిన రోజు అలీ 96 కిలోల పైచిలుకు. చేతులు బార చాపితే ఇద్దరికీ తేడా దాదాపు పాతిక సెంటీమీటర్లు. ఈనాటి నిబంధనల్లో మార్సియానో హెవీవెయిట్ కానే కాడు. 90.7 కిలోల లోపువాళ్ల క్రూజర్‌వెయిట్ విభాగంలోకి వెళ్తాడు. మార్సియానో ఆడింది పదిహేను రౌండ్ల టైటిల్ పోటీలు. 1982లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ మరణించాక ఆ పదిహేను పన్నెండయ్యాయి. చివరి రౌండ్లలో ప్రత్యర్థిని అరగదీసి గెలిచేవాడికి ఆ మూడు రౌండ్లు చిన్న విషయం కాదు.

బరి కలవకపోతే, ఇద్దరితోనూ ఆడిన మూడోవాడిని వెతకవచ్చు. మార్సియానోకూ అలీకీ మధ్య అలాంటి మనిషి నిజంగానే ఉన్నాడు, పేరు ఆర్చీ మూర్. 1955 సెప్టెంబరులో మార్సియానో చివరి పోటీ మూర్‌తోనే. రెండో రౌండులో మూర్ అతణ్ని పడగొట్టాడు కూడా, చివరికి తొమ్మిదో రౌండులో ఓడాడు. 1962 నవంబరులో అదే మూర్‌ను అప్పటికింకా కాసియస్ క్లేగా ఉన్న అలీ నాలుగో రౌండులో ముగించాడు. తొమ్మిది కన్నా నాలుగు తక్కువ కాబట్టి అలీయే గట్టివాడని తేల్చేయవచ్చా? ఈ ఏడేళ్లలో మూర్ ముసలివాడయ్యాడు. ఎంత ముసలివాడో కూడా తేలదు: పుట్టింది 1916లో అని మూర్, కాదు 1913లో అని అతని తల్లి.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. రెండు తరాల మధ్య వంతెన ఎప్పుడూ వయసు మళ్లిన ఛాంపియనే. ముప్పై ఏడేళ్ల జో లూయీ 1951లో మార్సియానో చేతిలో ఓడాడు. అలీ 1980లో లారీ హోమ్స్ చేతిలో, హోమ్స్ 1988లో టైసన్ చేతిలో ఓడారు. ఈ గొలుసును ఉన్నదున్నట్టు లెక్కలోకి తీసుకుంటే ప్రతి కొత్త తరమూ పాతదాని కన్నా గొప్పదనే తేలుతుంది, ఎందుకంటే ప్రతిసారీ పాతవాడు తన మంచి రోజులు దాటి వచ్చి ఓడాడు. వంతెన ఒకే వైపుకు వాలి ఉంటే దాని మీద నడిచే లెక్కా అటే జారుతుంది. వయసుతో సత్తా ఎలా తగ్గుతుందో విడిగా లెక్కగట్టి, ఆ వాలును సరిచేయకుండా చెప్పే జోస్యాలను నేను నమ్మను.

ఇక ఇనుము దగ్గరికి వద్దాం. 1951లో వంద కిలోలు ఈనాటికీ వంద కిలోలే. అలాగని వెయిట్‌లిఫ్టింగ్‌లో పోలిక సులువా అంటే, అక్కడా మెలికలున్నాయి. దండమూడి కాలంలో ఎత్తులు మూడు: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. ప్రెస్‌లో బారును భుజాల దాకా తెచ్చి, కాళ్ల ఊపు లేకుండా చేతులతోనే పైకి నెట్టాలి. రానురాను లిఫ్టర్లు నడుమును వెనక్కి విల్లులా వంచి, చేతుల పని ఛాతీకి అప్పగించారు. ఎంత వంగితే తప్పో న్యాయనిర్ణేతలకు ఏకాభిప్రాయం కుదరలేదు. 1972 ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను ఎత్తేశారు. 1948 లండన్ ఒలింపిక్స్ హెవీవెయిట్ విజేత జాన్ డేవిస్ మొత్తం 452.5 కిలోలు మూడు ఎత్తులవి. 2021లో జార్జియా దేశస్థుడు లాషా తలఖాద్జె నెలకొల్పిన 492 కిలోల రికార్డు రెండు ఎత్తులదే. డేవిస్ లెక్కలోంచి ప్రెస్ 137.5 తీసేస్తే మిగిలేది 315. 492నూ 315నూ పక్కపక్కన పెడితే తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది. అయితే తన సాధనలో కొంత ప్రెస్‌కు వెచ్చించిన మనిషిని ప్రెస్ తీసేసి కొలవడం న్యాయమా?

శరీరం బరువు సంగతి ఇంకా ఉంది. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి. మనిషిని అన్ని వైపులా రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు. అందుకే ఒంటి బరువు రెట్టింపైనా ఎత్తే బరువు రెట్టింపు కాదు, సుమారు 1.6 రెట్లే. ఎత్తే బరువు శరీర బరువు యొక్క మూడింట రెండో ఘాతంతో పాటు పెరుగుతుందని 1956లో లీట్జ్కె అనే శాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో చూపించాడు. తర్వాత కెనడా గణితవేత్త రాయ్ సింక్లెయిర్ ప్రపంచ రికార్డుల నుంచి ఇంకా మెరుగైన సూత్రం తయారు చేశాడు. ఒలింపిక్స్ ఒలింపిక్స్‌కూ దాని స్థిరాంకాలను సరిచేస్తారు.

దాన్ని మన ఆడపిల్లల మీదే ప్రయోగించి చూద్దాం. ఆముదాలవలస కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. మణిపూర్ మీరాబాయి చాను 2021లో టోక్యోలో 49 కిలోల విభాగంలో 202 కిలోలతో రజతం తెచ్చింది. మూడింట రెండో ఘాతం ప్రకారం మీరాబాయికి సరితూగాలంటే 69 కిలోల మనిషి 254 కిలోల దాకా ఎత్తాలి. సింక్లెయిర్ సూత్రం 253 అంటుంది. మల్లీశ్వరి అసలు బరువు 69కి ఎంత తక్కువగా ఉంటే లెక్క ఆమెకు అంత కలిసొస్తుంది. అయినా మొగ్గు మీరాబాయి వైపే. ఇప్పుడు కొలబద్ద మార్చండి. తన రోజున, తనతో పాటు నిలబడ్డవాళ్ల ముందు ఎవరెంత? సిడ్నీలో స్వర్ణం 242.5 కిలోలకు పోయింది, మల్లీశ్వరికి తగ్గింది రెండున్నర కిలోలు. టోక్యోలో స్వర్ణం 210కి పోయింది, మీరాబాయికి తగ్గింది ఎనిమిది. ఈ కొలతలో మల్లీశ్వరి ముందుంది. రెండు లెక్కలూ సరైనవే. మొదటిది ఎవరు ఎక్కువ బలవంతురాలో చెబుతుంది, రెండోది తన కాలానికి ఎవరు ఎంత ఎత్తున నిలిచారో చెబుతుంది. ఇరవై ఏళ్లలో పెరిగిన శిక్షణ, తిండి, వైద్యం మొదటి అంకెలోకి నిశ్శబ్దంగా చేరిపోతాయి. ఛాంపియన్ గొప్పతనానికి నేను రెండో కొలతనే పట్టుకుంటాను.

ఆ కొలతలో దండమూడి స్థానం గట్టిది, తన కాలపు భారతదేశంలో హెవీవెయిట్ అంటే ఆయనే. రామ్మూర్తి నాయుడితో పోలిక మాత్రం కుదరదు. ఛాతీ మీద పలక వేసి ఏనుగును నడిపించినప్పుడు, పలక చివరలు నేలకు ఆనితే కొంత భారం నేల మోస్తుంది, మిగిలింది ఛాతీ అంతటా పరుచుకుంటుంది. అందులో గుండె ధైర్యం, ఊపిరి బిగింపు, ఏళ్ల సాధన ఉన్నాయి. దాన్ని కిలోల్లోకి మార్చే సూత్రం లేదు.

అంకెల గొలుసు అన్నిటికన్నా గట్టిగా ఉన్న ఆట చదరంగం. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన హంగరీ సంతతి ఆచార్యుడు అర్పాద్ ఎలో తయారు చేసిన రేటింగును 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు వంద ఆటల్లో సుమారు 76 పాయింట్లు రాబడతాడని దాని అర్థం. పైగా ప్రతి ఎత్తూ రాసి ఉంటుంది. 2006లో స్లొవేనియా పరిశోధకులు గిడ్, బ్రాట్కో పాత ప్రపంచ ఛాంపియన్లు టైటిల్ మ్యాచుల్లో వేసిన ఎత్తులను ఒకే కంప్యూటర్ చేత దిద్దిస్తే, అందరికన్నా తక్కువ తప్పులు చేసినవాడు కాపాబ్లాంకా అని తేలింది. 1970 నాటి కంప్యూటర్ అభిప్రాయాలను నమిలింది, ఇది ఆడిన ఆటనే చదివింది. తేడా అంతా అక్కడుంది.

గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరై అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా జుడిత్ పోల్గార్ రికార్డును దాటింది. 2009 జూలైలో ఆమె రేటింగు 2623, అదే ఆమె శిఖరం. 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో పందొమ్మిదేళ్ల దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది. అప్పటికి హంపి రేటింగు దాదాపు 80 పాయింట్లు ఎక్కువ, అంటే పది ఆటలకు ఆరు పాయింట్లు హంపికి రావాలి. వచ్చింది ఓటమి. లూయీ, మూర్, అలీ నిలబడ్డ చోటే ఇక్కడ హంపి నిలబడింది. అయితే ఆమె వయసు రోజుతో సహా తెలుసు, ఆడిన ఆటలు ఎత్తులతో సహా రాసి ఉన్నాయి. 2024 డిసెంబరులో, ముప్పై ఏడేళ్ల వయసులో, న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ రాపిడ్ టైటిల్‌ను రెండోసారి గెలిచింది కూడా. వయసు వాలును ఊహించనక్కర్లేదు, ఆమె ఆటల్లోంచే కొలవచ్చు. 2011లో హంపిని మహిళల ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో ఓడించిన హౌ ఇఫాన్‌నూ ఈనాటి దివ్యనూ పోల్చాలంటే లెక్క హంపి మీదుగా సాఫీగా వెళ్తుంది.

ఇంతకీ అలీనా, మార్సియానోనా? 1966 నాటి అలీ, 1952 నాటి మార్సియానో అయితే నా ఓటు అలీకే. పాతిక సెంటీమీటర్ల చేయి, పదకొండు కిలోల బరువు, ఆ కాళ్ల వేగం కలిపి చూస్తే దగ్గరికి దూరి కొట్టే మార్సియానోకు ఆ దగ్గరితనం దొరకడం కష్టం. మార్సియానో 49కి 49 గెలుపుల లెక్కలోనూ అదే వాలు ఉంది. ఓడినవాళ్ల వయసులు చూడండి: లూయీకి ముప్పై ఏడు, మరో ఛాంపియన్ వాల్కాట్‌కు ముప్పై ఎనిమిది, మూర్‌కు ఎంత తక్కువ చూసుకున్నా ముప్పై ఎనిమిది. అలీ అయిదుసార్లు ఓడాడు, కాని లిస్టన్, ఫ్రేజర్, ఫోర్‌మన్ వంటి ఛాంపియన్లను ఓడించాడు. ఫ్రేజర్, ఫోర్‌మన్ ఇద్దరూ అలీకన్నా చిన్నవాళ్లు.