బెల్లం వర్తకుని బసలు

బాలలూ! పలకా బలపం తెచ్చుకోండి. ఒక లెక్క చేద్దాం.

ఒక బెల్లం వర్తకుడు ప్రతి రాత్రీ కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో బస చేస్తాడనుకోండి. కామారెడ్డిలో ఎన్నాళ్లయినా వుండవచ్చును. ఎల్లారెడ్డిలో మాత్రం వరుసగా రెండు రాత్రులు వుండరాదు. ఇదొక్కటే నియమం. బసలను 'కా', 'ఎ' అని రాద్దాం.

కొన్ని రోజుల బసల వరుసనే మళ్లీ మళ్లీ తిప్పుతూ పోతే, దానిని ఆవర్తన కక్ష్య అంటారు. ఒక్క రోజుకు తిరిగివచ్చే వరుస 'కా' ఒకటే. రెండు రోజులకు కాకా, కాఎ, ఎకా. బడిలో ఈ లెక్క చెప్పినప్పుడు, కాఎ, ఎకా ఒకటే గదా అని నేను రెండు వేశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "ఈ రాత్రి వర్తకుడు ఏ వూళ్లో వున్నాడని అడిగితే రెండూ ఒకటి కావు గదండీ!" అన్నది. ఆమె మాటే సరి. బోర్డు తుడిచి మూడు వేశాను.

మూడు రోజులకు నాలుగు. ఎకాఎ పనికిరాదు; మళ్లీ తిప్పితే రెండు 'ఎ'లు పక్కపక్కన పడతాయి. ఆపైన 7, 11, 18, 29. ముందటి రెండూ కూడితే తరువాతది వస్తుంది. ఛందస్సులో లఘుగురువులను లెక్కించిన మన పూర్వులు ఎరిగిన కూడికే ఇది. ఈ వరుస పోనుపోను రోజుకు సుమారు 1.618 రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు ఎల్లారెడ్డిలో లాభం హెచ్చు అనుకుందాం. వరుసలో 'ఎ' వచ్చినప్పుడల్లా దాని విలువను రెండింతలు చేసి, అన్నిటినీ కూడండి. 1, 5, 7, 17, 31, 65 వస్తాయి. వాటి పక్కన 2, 4, 8, 16, 32, 64 రాసి చూడండి. ఒకసారి ఒకటి తక్కువ, ఒకసారి ఒకటి ఎక్కువ! అనగా పెరుగుదల రోజుకు రెండు రెట్లు. ఆ రెండుకు సంవర్గమానమే టోపాలజికల్ ప్రెషర్. ప్రెషర్ అంటే పీడనం. వాయువుల శాస్త్రంనుంచి ఆ పేరును 1973లో ఈ లెక్కలోకి తెచ్చినవాడు డేవిడ్ రుయెల్. 31 ఏళ్లకే 1978లో పోయిన రూఫస్ బోవెన్ దీనిని ఎంతో పెంచాడు.

తిరిగిరాని దారుల మాటేమిటి? అవి లెక్కకు అందనన్ని వున్నాయి. అయితే ఏ దారైనా తీసుకుని, మొదటి నూరు రోజులు కత్తిరించి, అవసరమైతే చివర ఒక 'కా' చేర్చి తిప్పండి. నూరు రోజులు దానితో కలిసి నడిచే ఆవర్తన కక్ష్య దొరికింది! అందుకే తిరిగివచ్చే వాటిని లెక్కిస్తే మొత్తం దారుల సంగతి తెలిసిపోతుంది. ఒక పక్క సాగుతూ ఒక పక్క నొక్కుకుపోయే చలనాలను హైపర్బోలిక్ అంటారు. వాటిలో చాలావాటిని ఇట్లాగే కొద్ది అక్షరాలతో రాయవచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య వి. కన్నన్, వారి శిష్యులు ఏయే చలనంలో ఎన్నెన్ని రోజుల ఆవర్తనాలు వుండగలవో పరిశోధించారు.

రెండింతలకు బదులు ఆరింతలు వేసి చూడండి. 1, 13, 19, 97 వస్తే మీ లెక్క సరే. పక్కన 3, 9, 27, 81 రాసి, తేడాలు ఎట్లా నడుస్తున్నవో మీరే కనుక్కోండి.