కేదారనాథ్‌లో నిద్ర ఎక్కడ చేయాలి?

పుణ్యక్షేత్రానికి వెళితే అక్కడ ఒక రాత్రి నిద్ర చేసి రావాలన్నది మన పల్లెల్లో తరతరాల ఆచారం. తిరుమల అయినా, శ్రీశైలం అయినా గుడికి ఎంత దగ్గరగా గది దొరికితే అంత సంతోషం. హిమాలయాల్లోని కేదారనాథ్ యాత్రకు బయలుదేరేవారు మాత్రం ఈ సంగతి ఇంటి దగ్గరే బాగా ఆలోచించుకోవాలి.

తిరుమల కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. కేదారనాథ్ ఎత్తు దాదాపు 11,750 అడుగులు, అంటే నాలుగు రెట్లకు పైగా. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మనకు ఇక్కడ అందేదానిలో మూడింట రెండు వంతులే. ఈ తేడాకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు మూడు రోజులైనా కావాలి. పగలు హుషారుగా కొండ ఎక్కినవారికే రాత్రి పడుకున్నాక తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలు కావచ్చు. అందుకే పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్నదే ముఖ్యమని వైద్యులు చెబుతారు.

మెట్టు మెట్టుగా మజిలీలు

కొండదారి మొదలయ్యే ఋషీకేశ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం ఉంది. మనవారు మొదటి మజిలీ అక్కడ వేసుకోవచ్చు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో ఒక పగలంతా ప్రయాణిస్తే గుప్తకాశి వస్తుంది. దాని ఎత్తు సుమారు 4,300 అడుగులు. ఒక రాత్రి అక్కడ, మరుసటి రాత్రి 6,000 అడుగులు దాటిన సోన్‌ప్రయాగలోనో, గౌరీకుండ్‌లోనో పడుకుని, తెల్లవారుజామునే నడక మొదలుపెట్టడం మంచిది.

గౌరీకుండ్ నుంచి పూర్వం 14 కిలోమీటర్ల నడక ఉండేది. 2013 జూన్ వరదల్లో దారిలోని రాంబాడా ఊరు కొట్టుకుపోయింది. తరువాత వేసిన కొత్త దారి మరింత పొడవు. ఒకేరోజు ఎక్కి దిగడం పెద్దవాళ్ల వల్ల కాదు. అలాంటివారు గుడికి కొద్ది కిలోమీటర్ల ఇవతల లించోలిలో ఉన్న గుడారాల్లో ఆగవచ్చు. హెలికాప్టర్‌లో వెళ్లేవారికి నడక శ్రమ తప్పుతుంది గానీ, నిమిషాల్లో అంత ఎత్తు చేరడంతో ఒంటికి అలవాటు పడే వ్యవధి ఉండదు. వారు దర్శనం చేసుకుని అదేరోజు దిగి రావడమే క్షేమం.

గదిలో చూడవలసినవి

పైన ఉండి తీరాలనుకుంటే గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి వసతిగాని, తీర్థ పురోహితుల ఇళ్లలో గదిగాని ముందే మాట్లాడుకోవాలి. రద్దీ రోజుల్లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. నాలుగు గోడల గది, దళసరి రజాయిలు, మెట్లు ఎక్కనవసరం లేని మరుగుదొడ్డి ఉన్నాయో లేవో అడగాలి. నది ఒడ్డున, వాగు పక్కన ఉన్న బసలు ఎంత చవకైనా వద్దు. 2013లో ఎక్కువగా పోయినవి అలాంటివే. చలికి తట్టుకోలేక తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోరాదు. ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పెద్దవాళ్లు తలనొప్పి అంటే అలసట అని తీసిపారేయకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలినా, మాట తడబడినా వెంటనే దగ్గరి వైద్య శిబిరంలో చూపించి కిందికి దింపాలి. గదికి కట్టిన డబ్బు పోతుందని, తెల్లవారితే దర్శనం అయిపోతుందని ఆగవద్దు.

దర్శనం అక్కడ, నిద్ర కింద అని ఇంట్లో అందరూ ముందే ఒక మాట అనుకుంటే, కొండ మీద ఆ సమయంలో వాదన ఉండదు.