ఐసీయూలో ఉన్నవాళ్ళకి పళ్ళు తోమడం ఎందుకు?

మనవాళ్ళెవరైనా ఐసీయూలో ఉంటే డాక్టర్‌ని ఏం అడుగుతాం? బీపీ ఎంతుంది, ఆక్సిజన్ ఎంతుంది, వెంటిలేటర్ ఎప్పుడు తీస్తారు... ఇవే కదా. "పళ్ళు తోముతున్నారా?" అని ఎవరూ అడగరు. నేను డెంటిస్ట్‌ని కాబట్టి నాకు ముందు ఆ ప్రశ్నే వస్తుంది. ఎందుకో ఇవాళ చెప్తాను.

పొద్దున లేవగానే నాలుకతో పళ్ళని తడిమి చూడండి. జిగటగా ఒక పొర తగులుతుంది. పాచి నోరు, పాచి పళ్ళు అంటాం కదా, ఆ పాచే అది. మిగిలిపోయిన తిండి అనుకుంటారు కానీ, అది బ్యాక్టీరియా గుంపులుగా చేరి, జిగురుతో కట్టుకున్న ఇల్లు. సైన్స్‌లో దీన్ని బయోఫిల్మ్ అంటారు. రోజూ తీసేయకపోతే చిగుళ్ళు వాచి రక్తం వస్తుంది. ఇంకా ముదిరితే పంటిని పట్టుకున్న ఎముక కరిగి, పన్ను కదులుతుంది. ఇదే చిగుళ్ళ జబ్బు.

మనం బాగున్నంతకాలం ఈ బ్యాక్టీరియాని లాలాజలం కడిగేస్తూ ఉంటుంది. పొరపాటున కొంచెం ఊపిరితిత్తుల వైపు జారినా, దగ్గు బయటికి తోసేస్తుంది.

వెంటిలేటర్ మీద ఈ కాపలా అంతా బలహీనపడుతుంది. నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబు వేస్తారు. నోరు తెరిచే ఉండి ఎండిపోతుంది. మత్తుమందుల వల్ల దగ్గు సరిగ్గా రాదు. కొద్ది రోజుల్లోనే నోట్లో ఉండే బ్యాక్టీరియా కూడా మారిపోతుంది. మామూలువి తగ్గి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటివి చేరతాయి. ఇవి చాలాసార్లు మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగవు.

"ట్యూబు చుట్టూ చిన్న బెలూన్ ఉంటుంది కదా, అది ఆపదా?" అని అడగొచ్చు. ఆపుతుంది, కానీ పూర్తిగా కాదు. దాని మడతల పక్కనుంచి ఉమ్మి కొద్దికొద్దిగా కిందికి దిగుతూనే ఉంటుంది. దాంతోపాటు బ్యాక్టీరియా కూడా. అలా వెంటిలేటర్ పెట్టిన 48 గంటల తర్వాత మొదలయ్యే న్యుమోనియాని వెంటిలేటర్ న్యుమోనియా అంటారు. చేరినప్పటి జబ్బు తగ్గుతున్నా సరే, ఇది వస్తే ఐసీయూలో రోజులు పెరుగుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

మరి మౌత్‌వాష్ పూస్తే సరిపోదా? చాలా ఏళ్ళు ఐసీయూల్లో క్లోర్‌హెక్సిడిన్ అనే మందే పూశారు. 2014లో పాత పరిశోధనల్ని మళ్ళీ లెక్కేస్తే దాని లాభం మీద అనుమానం వచ్చింది, హాని కూడా ఉండొచ్చనిపించింది. 2022లో అమెరికా నిపుణుల సంఘాలు మార్గదర్శకాలు మార్చి, క్లోర్‌హెక్సిడిన్ లేకుండా బ్రష్‌తో తోమండి అన్నాయి. కారణం తేలికే: గిన్నెకి పట్టిన జిడ్డు నీళ్ళు పోస్తే పోతుందా? రుద్దాలి. పాచి కూడా అంతే.

2023 డిసెంబరులో ఇంకో విశ్లేషణ వచ్చింది. 15 పరిశోధనలు, దాదాపు 2,800 మంది రోగుల లెక్క. రోజూ బ్రష్ చేసినవాళ్ళలో హాస్పిటల్‌లో వచ్చే న్యుమోనియా దాదాపు మూడో వంతు తక్కువ. ఐసీయూలో మరణాలు కూడా తక్కువే. ఎక్కువ లాభం వెంటిలేటర్ మీదున్నవాళ్ళకి కనిపించింది. రోజుకి రెండుసార్లు చేసినా, మూడుసార్లు చేసినా పెద్ద తేడా లేదు. ఒక చిన్న బ్రష్ చేసే పని ఇది!

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

ఒకటి, విజిటింగ్ టైంలో నర్సుని మర్యాదగా అడగండి: "సిస్టర్, నాన్నగారికి రోజూ నోరు శుభ్రం చేస్తున్నారా? మెత్తటి బ్రష్ ఏమైనా తెమ్మంటారా?"

రెండు, కట్టుడు పళ్ళున్నా, కదిలే పళ్ళున్నా ముందే చెప్పండి. ఊడిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రమాదం.

మూడు, మీరు మాత్రం నోట్లో నీళ్ళు పోయడం, తోమడం చేయకండి. ట్యూబు కదలొచ్చు, నీళ్ళు లోపలికి పోవచ్చు. తోమేటప్పుడు ఎప్పటికప్పుడు సక్షన్‌తో లాగేయాలి. అది వాళ్ళ పని.

నాలుగు, ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ డేట్ ఇచ్చారా? ఈలోపు ఒకసారి చిగుళ్ళు చూపించండి. తాతయ్య, నానమ్మ అయితే మరీ ముఖ్యం. "ఈ వయసులో పళ్ళకేంటిరా" అంటారు. అప్పుడు ఈ వీడియో చూపించండి.

మీ డౌట్స్ కామెంట్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.