ఫోన్‌కి సిగ్నల్ లేని చోట ఎర్ర బటన్: మెరైన్ రేడియోలో డీఎస్‌సీ కాల్ ఎలా చేయాలి?

నేనుండేది జహీరాబాద్‌లో. ముంబై హైవే మీద లారీల మోతే తప్ప అలల చప్పుడు తెలియని ఊరు. అలాంటి నాకు కాకినాడ నుంచి కాలేజ్ ఫ్రెండ్ ఫోన్ చేసి, "ఒరేయ్, రోజూ ఫోన్లు రివ్యూ చేస్తావు కదా, సముద్రంలో సిగ్నల్ బాగా అందే ఫోన్ ఒకటి చెప్పరా" అన్నాడు. వాళ్లకి చేపల వేటకెళ్లే మరబోటు ఉంది.

నిజం చెప్పాలంటే అలాంటి ఫోన్ లేదు. ఎంత ఖరీదైన ఫోన్ అయినా ఒడ్డున ఉన్న టవర్ అందినంతవరకే. ఆ మాటే చెప్పి, "బోటులో రేడియో లేదా?" అని అడిగాను.

"ఉంది. దానికి ఎర్ర బటన్ కూడా ఉంది. నాన్నకి దాని మీదే ధైర్యం."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ టైమ్‌లోనే వెళ్లాను. రేడియో ఆన్ చేసి డీఎస్‌సీ మెనూ ఓపెన్ చేస్తే, స్క్రీన్ మీద ఒక్కటే మెసేజ్: ఎంఎంఎస్ఐ నంబర్ ఎంటర్ చేయమని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సెట్ అది. రెండేళ్లుగా మాట్లాడటానికి వాడుతున్నారు, బాగానే పనిచేస్తోంది. ఎర్ర బటన్ మాత్రం ఆ రెండేళ్లూ ఉత్త బొమ్మే! నంబర్ లేకపోతే అది నొక్కినా కాల్ వెళ్లదు. అంకుల్ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

డీఎస్‌సీ అంటే ఏంటి?

డిజిటల్ సెలెక్టివ్ కాలింగ్. మామూలుగా వీహెచ్ఎఫ్ రేడియోలో ఛానల్ 16 మీద పిలిస్తే, ఎవరైనా వింటుంటేనే జవాబు వస్తుంది. ఇంజిన్ మోతలో వినపడకపోతే అంతే సంగతులు. డీఎస్‌సీలో అలా కాదు. రేడియో ఛానల్ 70 మీద, అంటే 156.525 మెగాహెర్ట్జ్‌లో, చిన్న డేటా మెసేజ్ పంపుతుంది. అవతలి రేడియో ఫోన్‌లా మోగుతుంది. ఛానల్ 70 డేటాకి మాత్రమే, దాని మీద మాట్లాడకూడదు.

ఎంఎంఎస్ఐ అంటే బోటుకి ఫోన్ నంబర్ లాంటిది. 9 అంకెలు. మన దేశపు బోట్లకి 419తో మొదలవుతుంది. తీరంలోని స్టేషన్లకైతే ముందు రెండు సున్నాలుంటాయి. ఇష్టమొచ్చిన నంబర్ పెట్టుకోకూడదు, లైసెన్స్‌తో పాటు అధికారికంగా తీసుకోవాల్సిందే. చాలా సెట్లలో దీన్ని ఒక్కసారే ఎంటర్ చేయగలం. తప్పు పడితే డీలర్ దగ్గరికి వెళ్లాలి. అందుకే రెండుసార్లు చూసుకుని ఓకే నొక్కండి.

మామూలు కాల్ ఎలా?

మెనూలో డీఎస్‌సీ కాల్, అందులో ఇండివిడ్యువల్ సెలెక్ట్ చేయండి. అవతలి బోటు ఎంఎంఎస్ఐ కొట్టండి, లేదా ముందే సేవ్ చేసుకున్న పేరు ఎంచుకోండి. మాట్లాడే ఛానల్, ఉదాహరణకు 72, సెట్ చేసి సెండ్ నొక్కండి. అవతలివాళ్లు ఒప్పుకోగానే రెండు రేడియోలూ ఆ ఛానల్‌కి మారతాయి. ఇక మాట్లాడుకోవడమే. మెనూ పేర్లు మోడల్‌ని బట్టి కొంచెం మారతాయి.

ప్రమాదంలో ఎలా?

ఎర్ర బటన్ మీది మూత ఎత్తి, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మోడల్‌ని బట్టి 3 నుంచి 5 సెకన్లు. టైమ్ ఉంటే ముందే ప్రమాదం ఏంటో కూడా ఎంచుకోవచ్చు: మంటలు, నీళ్లు రావడం, మునిగిపోవడం, మనిషి పడిపోవడం లాంటివి. మీ నంబర్, ఉన్న చోటు, టైమ్ కలిపి రేంజ్‌లో ఉన్న డీఎస్‌సీ రేడియోలన్నిటికీ వెళ్తాయి. జవాబు వచ్చేదాకా సుమారు 4 నిమిషాలకోసారి రేడియో తనే మళ్లీ పంపుతుంది. మీరు ఛానల్ 16లో "మేడే" అని మూడుసార్లు చెప్పి, బోటు పేరు, ఎక్కడున్నారు, ఎంతమంది ఉన్నారో చెప్పండి.

పొరపాటున నొక్కితే ఆఫ్ చేసి ఊరుకోవద్దు. క్యాన్సిల్ చేసి, ఛానల్ 16లో అందరికీ ఆ సంగతి చెప్పాలి. టెస్ట్ కోసం ఎర్ర బటన్ అస్సలు ముట్టుకోవద్దు.

జీపీఎస్ మర్చిపోకండి

కొన్ని సెట్లలో జీపీఎస్ లోపలే ఉంటుంది. లేకపోతే బోటులోని జీపీఎస్ నుంచి వైర్లు కలపాలి. ఈ బోటులో అవీ కలపలేదు. అంటే కాల్ వెళ్లినా, మీరెక్కడున్నారో వెళ్లదు.

మైనస్‌లు

వీహెచ్ఎఫ్ దాదాపు చూపు మేరకే. చిన్న బోట్ల మధ్య, యాంటెన్నా ఎత్తుని బట్టి, సుమారు 20 కిలోమీటర్లు. అవతల కూడా డీఎస్‌సీ రేడియో ఉండాలి. లోతు సముద్రానికి వెళ్లేవాళ్లు ఇస్రో తయారు చేసిన, శాటిలైట్‌తో పనిచేసే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టుకోవడం మంచిది. ఫోన్ అందే చోటయితే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

ఫైనల్‌గా

మనం ఫోన్ కొనగానే సిమ్ వేసి ఒక కాల్ చేసి చూస్తాం. ప్రాణాలు కాపాడే రేడియోకి మాత్రం ఆ పని చేయం. అంకుల్ కాగితాలన్నీ పెట్టి నంబర్ తెచ్చుకున్నారు, వైర్లు కలిపించారు. వేట మొదలయ్యే ముందు నా ఫ్రెండ్ జెట్టీ నుంచి ఫోన్ చేసి, "వినరా" అన్నాడు. పక్క బోటు చేసిన కాల్‌కి వాళ్ల రేడియో మోగుతోంది. జహీరాబాద్‌లో కూర్చుని నేను విన్న బెస్ట్ రింగ్‌టోన్ అదే.